మోచేటమ్మ గుండం చల్లబడిన కథ

పూర్వం మన్యం అంచున, కొండలు మైదానంలోకి దిగడానికి మొహమాటపడి ఆగిపోయిన చోట, కుమారభూపతి అనే దొర పాలన చేసేవాడు. ఆయన పరాక్రమం గురించి శాసనాలేవీ చెప్పవు, ఎందుకంటే శాసనాలేవీ లేవు. అయితే మా రాళ్లపాలెంలో పద్నాలుగు ఇళ్లవాళ్లు తాము ఆయన సంతతివాళ్లమని ఈనాటికీ చెప్పుకుంటారు కనుక, సంతానం విషయంలో మాత్రం ఆయన లోటు చేయలేదని నమ్మవలసి ఉంటుంది.

ఒక మార్గశిర శుద్ధ పంచమి నాడు ఆ దొర వేటకు బయలుదేరి, కుందేలు కూడా దొరకక, వాగు దాటబోయి అందులోనే పడి, నిలువునా తడిసి, పరివారంతో సహా వణుకుతూ మా ఊరు చేరుకున్నాడు. అప్పటికి ఊరంటే ఏడు గుడిసెలు. దొర వస్తున్నాడని తెలిసి ఆరు గుడిసెలవాళ్లు తలుపులు బిగించుకుని, ఇంట్లో ఎవరూ లేరని లోపలినుంచే వినయంగా మనవి చేసుకున్నారు. ఏడో గుడిసె ముందు మూడు రాళ్ల పొయ్యి మీద ఒక కుండలో నీళ్లు కాగుతున్నాయి. అది పైడమ్మ అనే బాలింత గుడిసె. భర్త కొండమీద పోడు నరకడానికి వెళ్లి తిరిగి రాలేదు. బిడ్డ పుట్టి ఆనాటికి పదకొండు రోజులు. తల్లికీ బిడ్డకూ పురిటిస్నానం కోసం పెట్టుకున్న నీళ్లు అవి. ఇంట్లో ఉన్న కట్టెలు కూడా ఆ ఒక్క కుండకు సరిపోయేటన్నే.

దొరగారికి నీళ్లు కావాలంటూ భటులు కుండ దించబోయారు. పైడమ్మ అడ్డుపడలేదు. గడప దగ్గర నిలబడి ఒక్క మాట మాత్రం అడిగింది.

"తీసుకెళ్లండి బాబూ. ఒక్కసారి మోచెయ్యి పెట్టి చూడనియ్యండి. మరీ ఉడుకైతే దొరగారికి ఒళ్లు కమిలిపోద్ది."

అరచెయ్యి పనులు చేసి చేసి మొద్దుబారి అబద్ధం చెబుతుందనీ, మోచెయ్యి మాత్రం పసిబిడ్డ ఒంటిలాగే నిజం చెబుతుందనీ నీళ్లు పోసిన తల్లులందరికీ తెలుసు. పైడమ్మ కుండలో మోచెయ్యి ముంచి చూసి, వేడి ఎక్కువైందని చెంబెడు చన్నీళ్లు కలిపి, మళ్లీ ముంచి చూసి, అప్పుడు కుండ అప్పగించింది. తన బిడ్డకు ఏ జాగ్రత్త తీసుకునేదో అదే జాగ్రత్త తన కుండను ఎత్తుకుపోతున్నవాడికీ తీసుకుంది.

దొర హాయిగా స్నానం చేశాడు. వణుకు తగ్గి చెవులు పనిచేయడం మొదలుపెట్టాక, గుడిసె వెనకనుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. వెళ్లి చూస్తే, పైడమ్మ బండ మీద కాళ్లు చాపుకుని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, తన రెండు అరచేతులూ ఒకదానితో ఒకటి రుద్ది, పుట్టిన ఆ కాస్త వేడితో బిడ్డ ఒళ్లు తుడుస్తూ ఉంది. నీళ్లు ఏవని దొర అడగలేదు. ఆయన జుట్టు నుంచి అవి ఇంకా కారుతూనే ఉన్నాయి. ఆయన తల వంచుకున్నాడు. ఎదుట దొర నిలబడ్డాడని పైడమ్మ కంగారుపడి, బిడ్డను ఒక చేత్తో ఎత్తుకుని, లేవడానికి రెండో మోచెయ్యి బండకు ఆనించింది. ఆ బండ మైనంలాగ మెత్తబడి, మోచెయ్యి మేర గుంటపడి, ఆ గుంటలోంచి ఉడుకునీళ్లు పైకి ఉబికాయి.

ఏం కావాలో కోరుకోమని దొర తల ఎత్తకుండానే అడిగాడట. ఇంకొకరి ఒంటిమీద నీళ్లు పోసేవాళ్లు ముందు తమ మోచెయ్యి పెట్టి చూసుకుంటే చాలునని ఆ తల్లి చెప్పిందట. దొర ఆ తర్వాత తల ఎత్తనే లేదు. గుండం మెట్ల పక్కన తలవంచుకున్నట్టు కనిపించే నిలువురాయి ఆయనే. పైడమ్మ కాలక్రమాన మోచేటమ్మ అయింది. నులకమంచం పట్టేంతగా పెరిగిన ఆ గుంట మోచేటి గుండం అయింది. ఇంతవరకు కథ మా ఊళ్లో అందరికీ ఇష్టం. దొర సంతతి పద్నాలుగు ఇళ్లన్నాను కదా, ఆ కుండ ఎత్తుకుపోయిన భటుల సంతతి మాత్రం ఊళ్లో ఒక్క ఇల్లు కూడా లేదు. అడిగిచూడండి, ఎవరూ ఒప్పుకోరు.

పైడమ్మ వంశంవాళ్లది మోచేటోరిల్లు అంటారు. ఆ ఇంటి ఆడమనిషి రోజూ తెల్లవారుతుండగా గుండంలో దిగి, మోచెయ్యి ముంచి, "అమ్మ లేచింది!" అని కేక వేస్తుంది. ఆ కేక వినపడ్డాకే ఎవరైనా నీళ్లు ముట్టుకోవాలి. మార్గశిర పంచమి నాడు చుట్టుపక్కల పల్లెల తల్లులందరూ ఆ ఏడాది పుట్టిన బిడ్డలను తీసుకువస్తారు. మొదటి బిడ్డకు ఆ ఇంటి ఆడమనిషే కాళ్లమీద వేసుకుని నీళ్లు పోస్తుంది. వాళ్లకు మాన్యం లేదు, పట్టా లేదు, ఆ కేక ఒక్కటే ఆస్తి. మా కాలంలో ఆ కేక అప్పాయమ్మది. డెబ్బై దాటిన మనిషి, పిడికెడు ఉంటుంది, కేక మాత్రం వాగు అవతలి పొలాల దాకా వినపడేది. మా ఊళ్లో సగంమంది గడియారం చూసుకుని ఎరగరు. మిగతా సగానికి గడియారాలున్నాయి కాని, అవి అప్పాయమ్మ కేకను బట్టి సరిచేసుకున్నవే.

గుండం పేరు పెరిగేకొద్దీ వచ్చేవాళ్ల ఒళ్లు సుకుమారమయ్యాయి. ఉడుకునీళ్ల గుండంలో మునగడానికి కార్లు వేసుకుని వచ్చి, దిగగానే "రూముల్లో గీజరు ఉంటుందాండీ?" అని అడిగేవారు. ఆ మాట అందరికంటే ముందు గుండం కమిటీ ప్రెసిడెంటు గంగరాజుగారి మనసుకు తాకింది. ఆయన ఊళ్లో ఎవరి పెళ్లయినా ఫోటోలో పెళ్లికొడుకుకంటే స్పష్టంగా కనిపించే మనిషి. వైస్ ప్రెసిడెంటు సూర్యచంద్రంగారు ఏమడిగినా "చూద్దాం" అనే మనిషి. ఆయన రెండు కళ్లకూ ఆపరేషను అయ్యాక ఇక చూస్తారేమోనని ఊరంతా ఎదురుచూసింది, కాని ఆయన ఇంకా అదే మాట మీద ఉన్నారు. ఇలాంటి తొమ్మండుగురు కూర్చుని ఆలోచించి, గుండానికి ముప్పై గజాల దూరంలో పన్నెండు గదులు కట్టించి, గదికొక తెల్లని గీజరు బిగించి, వాటికి నీళ్లకోసం బోరు వేయించారు.

ఆ బోరులోంచి నీళ్లు ఉడుకుగా వచ్చాయి. అది చూసి అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ దయవల్ల స్విచ్చి వేసే పని కూడా తప్పిందన్నారు. ఆ నీళ్లు ఎవరి కుండలోవి అని ఒక్కరికీ తోచలేదు. పూర్వం ఒక కుండ ఎత్తుకుపోవడానికి నలుగురు భటులు కావలసి వచ్చారు. ఈసారి మీట నొక్కితే సరిపోయింది.

భాద్రపదంలో అప్పాయమ్మ మనవరాలు సత్యవేణికి కాన్పు అయింది. ఆ పిల్లకు తల్లి లేదు, పెంచింది అప్పాయమ్మే. పురిటికి సాయంగా అప్పాయమ్మ అత్తవారి ఊరికి వెళ్లి నెలరోజులు ఉండిపోయింది. ఆవిడ లేనప్పుడు గంగరాజుగారి భార్య రత్నమాణిక్యం గుండంలో మోచెయ్యి పెట్టడం ఆనవాయితీ. ఒకరోజు ఆవిడ కేక వేయకుండా ఇంటికి వచ్చి, భర్త చెవిలో చెప్పింది.

"ఏవండీ, అమ్మ నులివెచ్చగా ఉందండీ."

మూడో రోజుకు ఆ వెచ్చదనం కూడా పోయింది. వారం తిరిగేసరికి బోరు నీళ్లూ చన్నీళ్లయ్యాయి. మెట్లకు మరమ్మతులని చెప్పి ఎవరినీ గుండంలో దిగనివ్వకుండా, కమిటీ తలుపులు వేసుకుని సమావేశమైంది. ఎక్కడో సముద్రంలో భూకంపం వచ్చి ఉంటుందని ఒకరన్నారు, ఆడవాళ్లు చెప్పులతో మెట్లు దిగడం వల్లనని ఇంకొకరన్నారు. సూర్యచంద్రంగారు చూద్దామన్నారు. బోరు మాట మాత్రం, అందరి నాలుక చివరా ఉండి కూడా, ఎవరి నోటా రాలేదు. అప్పుడు కమిటీలో ఒకాయన, పేరు చివర్న చెబుతాను, పేపరు మడిచి పక్కన పెట్టి అన్నాడు.

"గదుల్లో గీజర్లు ఊరికే వేలాడుతున్నాయి కదండీ. అమ్మకి కాస్త సాయం చేస్తే తప్పేముంది?"

సాయం అన్న మాట అందరికీ నచ్చింది. మోసం అనడానికి బాగుండదు కదా. మోచేటమ్మ బండ వెనక దీపాల నూనె, తిరునాళ్ల జెండాలు దాచే చిన్న గది ఉంది. పన్నెండు గీజర్లూ అందులోకి చేర్చి, ఒకదానికొకటి కలిపి, గొట్టం బండ పగులులోంచి తెచ్చి, నీళ్లమట్టానికి జానెడు కిందుగా గుండంలోకి వదలాలని నిశ్చయించారు. పనికి కరెంటు యేసుపాదాన్ని పిలిచారు. ఊరు మధ్యాహ్నం కునుకు తీసే వేళ చూసి పిలిచారు.

"నాకెందుకండీ బాబూ," అన్నాడతను. "మీ అమ్మవారికి నేను వైరు లాగానంటే మా పాస్టరుగారు ఆదివారంనాడు నా పేరు పెట్టి ప్రార్థన చేయిస్తారండీ."

"అమ్మవారికి కాదురా, గీజరుకి," అన్నారు గంగరాజుగారు.

యేసుపాదం వైరు చుట్ట భుజాన వేసుకున్నాడు. "గీజరైతే పర్లేదండి. దానికి మతం లేదు."

నాలుగు మధ్యాహ్నాల్లో పని పూర్తయింది. అప్పాయమ్మ తిరిగి వచ్చిన మర్నాడు తెల్లవారుతుండగా గుండంలో దిగి, మోచెయ్యి ముంచి, ఉడుకుగా ఉంది కనుక "అమ్మ లేచింది!" అని కేక వేసింది. అరుగు మీద కూర్చున్న తొమ్మండుగురూ ఊపిరి వదిలి టీ తెప్పించుకున్నారు. టీ వచ్చేలోగా అప్పాయమ్మ వచ్చింది.

"బాబుగారూ, మోచేతికి అమ్మ ఉడుకుగానే ఉందండి. కాళ్లకి మాత్రం చల్లగా తగుల్తందండి. ఎప్పుడూ ఉడుకు కిందనుంచి కదండీ వచ్చేది?"

ఈ సంగతి తొమ్మిది బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. భూమిలోంచి వచ్చే నీళ్లు అడుగు నుంచి కాగుతాయి. గొట్టంలోంచి వచ్చే వేడినీళ్లు పైపైనే తేలుతాయి. గంగరాజుగారు టీ గ్లాసులోకి చూశారు. సూర్యచంద్రంగారు చూద్దామని కూడా అనలేకపోయారు. అప్పుడు ఇందాకటి ఒకాయనే నవ్వుతూ అందుకున్నాడు.

"అప్పాయమ్మా, నీకెన్నేళ్లే? డెబ్బై దాటాక కాళ్లకి రక్తం దిగదు. అమ్మ చల్లబడలేదు, నీ కాళ్లే చల్లబడ్డాయి."

అందరూ గట్టిగా నవ్వారు, అవసరమైన దానికంటే గట్టిగా. అప్పాయమ్మ కూడా నవ్వింది. "అంతేనంటారా బాబూ," అని తన కాళ్ల వంక ఒకసారి చూసుకుని వెళ్లిపోయింది.

ఆ రోజునుంచి ఆవిడ తన కాళ్లను నమ్మడం మానేసింది. కొబ్బరినూనెలో కర్పూరం వేసి మర్దనా చేసుకుంది. మిట్టమధ్యాహ్నం వాగు ఇసుకలో నడిచి చూసింది, కాలింది. పొయ్యి దగ్గర బూడిదలో వేళ్లు పెట్టి చూసింది, చురుక్కుమంది. లోకంలో వేడంతా తెలుస్తోంది, అమ్మ వేడి ఒక్కటే తెలియడం లేదు. అంటే లోపం కాళ్లది కాదు, తనదేనని ఆవిడకు తోచింది. అమ్మ తనను మోచేతి దాకానే రానిస్తోందనీ, కాళ్ల దగ్గర చోటివ్వడం లేదనీ, తాను ఏనాడో చేసిన తప్పేదో ఇప్పుడు బయటపడిందనీ అనుకుంది.

అందుకని కార్తీకమంతా ఇంటింటికీ తిరిగి క్షమాపణ అడిగింది. దడిమీదుగా తెంపుకున్న రెండు మునక్కాడలకు పక్కింటివాళ్లను అడిగింది. నలభై ఏళ్లకిందట వీధికుళాయి దగ్గర అన్న మాటకు ఇంకొకరిని అడిగింది. మా ఊళ్లో క్షమించడానికి ఎవరూ వెనకాడలేదు. అరుగుమీద కూర్చోబెట్టి మరీ క్షమించారు. ఒకావిడైతే అప్పాయమ్మ మరిచిపోయిన తప్పులు ఇంకో రెండు గుర్తుచేసి, వాటికి కూడా క్షమాపణ చెప్పించుకుని పంపింది.

చివరికి కమిటీలోని ఆ ఒకాయన ఇంటికీ వచ్చింది. అతను వాకిట్లో కుర్చీ వేసుకుని గడ్డం గీసుకుంటున్నాడు, పక్కన గిన్నెలో వేడినీళ్లు.

"బాబూ, మొన్న నా కాళ్లు చల్లబడ్డాయని నలుగురిలో అన్నారు కదా. ఆ పూట మిమ్మల్ని మనసులో తిట్టుకున్నానండి. అమ్మ పని చేసేదాన్ని, అలా తిట్టకూడదు. తప్పయిపోయింది."

అతను అద్దంలోంచి కళ్లు తిప్పకుండా, "పర్లేదులే అప్పాయమ్మా," అన్నాడు.

ఆవిడ దండం పెట్టి, ఇంకో మాట చెప్పి వెళ్లింది. పంచమినాడు సత్యవేణి బిడ్డతో వస్తుందనీ, ఆ పిల్ల చేత మోచెయ్యి పెట్టించి పని అప్పగించి తాను తప్పుకుంటాననీ చెప్పింది. అమ్మ ఒప్పుకోని మనిషి అమ్మ లేచిందని కేక వేయడం బాగుండదంది. అమ్మ లేచిందని చెప్పే అర్హత తనకు పోయిందని ఆవిడ సిగ్గుపడుతూ ఉంటే, సిగ్గుపడవలసిన తొమ్మండుగురూ పంచమి ఏర్పాట్లలో తీరిక లేకుండా ఉన్నారు.

పంచమి ముందురోజు చలి ఎక్కువైంది. ఎంత కాచినా గుండం వెచ్చబడటం లేదు. నీళ్లు కాగగానే గీజరు దానంతట అది ఆగిపోతోందని యేసుపాదం చెప్పాడు. ఆ ఆగిపోయే ఏర్పాటు తీసెయ్యమని ఆ ఒకాయనే అన్నాడు.

"వద్దండీ. మరిగిపోద్దండి, పసిపిల్లలండి."

"గుండంలో పడేసరికి చల్లారిపోతుందిరా. చెప్పింది చెయ్యి."

పంచమి తెల్లవారింది. బిడ్డలను ఎత్తుకున్న తల్లులు ఎనభైమందికి పైగా మెట్లమీద వరుసగా నిలబడ్డారు. అప్పాయమ్మ గుండం ఒడ్డున, మోచేటమ్మ బండ పక్కనే కాళ్లు చాపుకుని కూర్చుంది. మూడు నెలల మునిమనవరాలిని ఆ కాళ్లమీద బోర్లా పడుకోబెట్టి, సత్యవేణి ఇత్తడిచెంబుతో నీళ్లు ముంచబోయింది. జనం తోసుకొస్తున్నారు, టీవీవాళ్లు వస్తారని గంగరాజుగారు కండువా మూడుసార్లు సర్దుకున్నారు.

"కానియ్యి అప్పాయమ్మా. రోజూ చూసే నీళ్లేగా, మోచెయ్యి ఇవాళ పెట్టకపోతే ఏం?" అన్నారాయన.

"అది కుదరదు బాబూ," అంది అప్పాయమ్మ. సత్యవేణి చేత చేయిద్దామనుకుందో, ఆఖరిసారి కదా అనుకుందో, ఒక్క క్షణం ఆగి తన కుడిమోచెయ్యే నీళ్లలోకి దింపింది. గొట్టం మూతి సరిగ్గా అక్కడే ఉంది.

ఆవిడ అరవలేదు. కాళ్లమీద బిడ్డ ఉంది కనుక చెయ్యి కూడా విదిలించలేదు. చెయ్యి మెల్లగా బయటికి తీసి, ఎడమచేత్తో బిడ్డను సత్యవేణికి అందించి, వెనక్కి జరగమంది. మోచేతి మీద చర్మం పొంగి ఊడిపోవడం ముందు వరసలో ఉన్నవాళ్లందరికీ కనిపించింది. తర్వాత ఆవిడ లేచి, గుండం అవతలి మూలకు వెళ్లి, మెట్లు దిగి, అడుగున కాళ్లు ఆనించి నిలబడింది. చాలాసేపు నిలబడింది. కళ్లు మూసుకుని, వేళ్లు నేలకు నొక్కి చూసుకుంది. జనం మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అంతా ఆగాక బండ వెనక గదిలో నీళ్లు కుతకుతమంటున్న శబ్దం బయటికి వినపడింది. అమ్మవారి గదిలో ఏం ఉడుకుతోందో చెప్పవలసిన అవసరం ఇక ఎవరికీ లేకపోయింది.

అప్పాయమ్మ కళ్లు తెరిచి మనవరాలి వంక చూసింది.

"సత్తేణీ, నా కాళ్లు బాగానే ఉన్నాయే!"

అని, చిన్నపిల్లలాగ నవ్వింది. ఎవరు చేశారని అడగలేదు. కమిటీ వంక చూడనైనా లేదు. రెండు నెలలుగా పోయిందనుకున్నది దొరికిన మనిషి నవ్వు అది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకు మా ఊళ్లో ప్రతివాడి దగ్గరా సమాధానం ఉంటుంది, ఆ నవ్వుకు మాత్రం లేకపోయింది.

యేసుపాదం పరుగెత్తి మెయిన్ ఆపి వచ్చి, దొర రాయి పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. అతని పక్కన గంగరాజుగారు, ఆయన పక్కన సూర్యచంద్రంగారు, అలా ఒకరి తర్వాత ఒకరు తొమ్మండుగురూ చేరారు. దూరం నుంచి వచ్చినవాళ్లు వరసగా పదకొండు రాళ్లున్నాయనుకున్నా తప్పుపట్టడానికి లేదు.

అప్పాయమ్మ గుండంలోంచే కేక వేసింది. అది తరతరాల్లో ఎవరూ వినని కేక.

"అమ్మ పడుకుంది! నీళ్లు ముట్టుకోకండి!"

చలికి బిడ్డలు ఒకరిని చూసి ఒకరు ఏడుపు మొదలుపెట్టారు. తల్లులకు ఉండాలో వెళ్లాలో తెలియలేదు. అప్పాయమ్మ మా ఊరి ఆడవాళ్లవైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"మనిళ్లల్లో పొయ్యిలు లేవేంటమ్మా?"

మొదటి బిందె రత్నమాణిక్యం తెచ్చింది. ప్రెసిడెంటుగారి భార్య నెత్తిన బిందె పెట్టుకోవడం ఊరు చూడటం అదే మొదలు. తర్వాత మునక్కాడల ఇంటివాళ్లు తెచ్చారు. రెండు తప్పులు గుర్తుచేసిన ఆవిడ రెండు బిందెలు తెచ్చింది. యేసుపాదం భార్య కూడా తెచ్చింది, దానికి పాస్టరుగారు ఏమీ అనలేదు. ఏ బిందె దించినా అప్పాయమ్మ ముందు తన ఎడమమోచెయ్యి ముంచి చూసి, కావలసినన్ని చన్నీళ్లు కలిపించి, అప్పుడు బిడ్డకు పోయించింది. కుడిచేతికి అరటాకు చుట్టారు. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే, వరస అయ్యేదాకా కదలనంది. ఎనభై మూడో బిడ్డకు నీళ్లు పోసేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. ఊళ్లో ఆ పూట ఎవరింట్లోనూ అన్నం వండలేదు, పొయ్యిలన్నీ నీళ్లకే సరిపోయాయి.

కుండ ఎత్తుకుపోయిన భటుల సంతతి ఊళ్లో లేదని మొదట చెప్పాను. అది సవరించుకోవాలి. ఆనాడు నెత్తిన బిందెలు పెట్టుకుని తలలు వంచుకుని వీధి పొడుగునా నడిచివచ్చినవాళ్లను చూశాక, ఊరంతా ఆ సంతతేనని తెలిసింది. ఎత్తుకుపోయిన కుండ తిరిగి తేవడానికి కాస్త ఆలస్యమైంది, అంతే.

బోరు మూయించి పైన బండ వేశారు. గదులున్నాయి, గీజర్లు లేవు. వాటిలో ఒకటి మాత్రం వైరు కత్తిరించి గుండం వాకిట్లో ఎడమచేతివైపు వేలాడదీశారు. తెలియనివాళ్లు దానికీ బొట్టు పెట్టి దండం పెడుతున్నారు. మేము వద్దనడం లేదు, దాని ముందు తల వంచడం మాకూ అలవాటే. అప్పాయమ్మ ఆ తర్వాత ఆరేళ్లు బతికి, రోజూ "అమ్మ పడుకుంది" అని ఉన్నమాటే కేక వేసి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ కేక సత్యవేణిది. పంచమినాడు ఇంటికొక బిందె తేవడం ఊరికి నియమమైంది, బిందెల పంచమి అన్న పేరు దానివల్లనే వచ్చింది. గుండం ఇంకా చల్లగానే ఉంది. దొర రాయి వైపు మూలన, అడుగున, కాళ్లకు కాస్త నులివెచ్చగా తగులుతోందని రెండేళ్లుగా సత్యవేణి అంటోంది. ఆ ఇంటి కాళ్ల మాట కాదనే ధైర్యం మా ఊళ్లో ఇప్పుడు ఎవరికీ లేదు.

ఇక ఆ ఒకాయన పేరు. సాయం చేద్దామన్నదీ, నీ కాళ్లే చల్లబడ్డాయన్నదీ, అద్దంలోంచి కళ్లు తిప్పకుండా పర్లేదులే అన్నదీ, ఆగిపోయే ఏర్పాటు తీసెయ్యమన్నదీ ఈ కథ రాసి మీకు చదువుతున్న కమిటీ కార్యదర్శి వెంకటనరసయ్యే. ఊళ్లో అందరి గురించీ చెప్పే నోటికి ఈ నాలుగు మాటలు చెప్పడమే కష్టం. మరుసటి కార్తీకంలో నేను అప్పాయమ్మ ఇంటికి వెళ్లి క్షమించమని అడిగితే, ఆవిడ కుడిమోచేతి మీది మచ్చ కొంగుతో కప్పుకుని, "నీకు నోరుంది కదా బాబూ, జరిగింది రాయి. ఏటా నువ్వే చదువు. చదివినోడే మొదటి బిందెలో మోచెయ్యి పెట్టాల," అంది. పర్లేదులే అని మాత్రం అనలేదు.

ఈ కథ విన్నవాళ్లకు ఏ పాపం పోతుందో, ఏ పుణ్యం వస్తుందో చెప్పే అర్హత నాకు లేదు. చదవడం అయింది. చొక్కా చెయ్యి పైకి మడిచాను. మొదటి బిందె ఇలా దింపండి. కాళ్లు చాపుకుని కూర్చున్న తల్లీ, బిడ్డను జాగ్రత్తగా పట్టుకో, ఒక్క నిమిషం ఆగు.